ఎవరు చూశారో కనిపించే దేశం

సుబ్బారావు గారు 34 ఏళ్లు రెవెన్యూ శాఖలో చేసి తహసీల్దారుగా రిటైరయ్యారు. అమలాపురంలో మా వెనక వీధిలో ఉంటారు. ఆయన తమ్ముడి కూతురు మాధవి ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. వెళ్లి ఎనిమిదేళ్లయింది. ఈమధ్యే ఆమె తండ్రి పోయారు. దినకర్మలు అయ్యాక, తల్లి పేరుకు పింఛను, బ్యాంకు ఖాతా, ఎకరంన్నర కొబ్బరితోట మార్పించడానికి సెలవు పొడిగించుకుని ఉండిపోయింది.

ఆ సాయంత్రం నేను పలకరించడానికి వెళ్లేసరికి వసారాలో చాప మీద కాగితాలు దొంతులు పెడుతోంది. మరణ ధ్రువపత్రం కాపీలు ఆరు, తల్లి ఆధార్ జిరాక్సులు తొమ్మిది. ప్రతి జిరాక్సు మీదా వాళ్లమ్మ వణికే చేత్తో పెట్టిన సంతకం. పక్కన పడక్కుర్చీలో సుబ్బారావు గారు. అమ్మాయి వెళ్లినప్పటి నుంచి ఆ దేశం గురించి ఏది కంటపడినా ఆయన వదలకుండా చదువుతారు. అందుకే ఆ సాయంత్రం మాటకు మాట అంత గట్టిగా పడింది. నాకు ఇద్దరూ కావలసినవాళ్లే. అయినా ఎవరి మాట ఎక్కడ నెగ్గిందనిపించిందో దాచకుండా రాస్తాను.

మాధవి: నాన్న పోయిన సంగతి రాసుకుంది ప్రభుత్వమే కదా పెదనాన్నా? ఆ కాగితం ఇచ్చిందీ ప్రభుత్వమే. మళ్లీ ఆ కాగితమే పట్టుకుని అమ్మ నాలుగు ఆఫీసులు తిరిగి, మా ఆయన పోయారండీ అని ప్రతిచోటా చెప్పుకోవాలా? నిన్న ఒక కౌంటర్ దగ్గర జిరాక్సు మసగ్గా ఉందని వెనక్కి పంపారు. అమ్మ అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చింది.

సుబ్బారావు: వాడు నా తమ్ముడమ్మా. నాకు మాత్రం బాధ లేదా? కానీ కాగితం అడిగిన గుమాస్తా మీద కోపం పెట్టుకోకు. రేపు ఇంకెవరో వచ్చి అసలు వారసులం మేమే అంటే సంజాయిషీ రాసుకోవాల్సింది అతనే. బతికున్న మనిషిని చచ్చిపోయాడని రాయించి పొలం మార్పించుకున్న కేసు నా చేతుల మీదుగా వెళ్లింది. ఆ ముసలాయన వచ్చి నా బల్ల ముందు నిలబడి, ఆ చనిపోయినవాణ్ణి నేనేనండీ అన్నాడు. అప్పట్నుంచీ నాకు కాగితమంటే విసుగు లేదు.

మాధవి: మోసం చేసేవాళ్లు అక్కడా ఉంటారు. కాకపోతే ఆ భారం తెచ్చి జనం నెత్తిన పెట్టరు. డాక్టరు మరణం నమోదు చేస్తే అది జనాభా రిజిస్టరుకు చేరుతుంది. మిగతా శాఖలు అక్కణ్ణించి తీసుకుంటాయి. ఒకసారి ప్రభుత్వానికి చెప్పింది మళ్లీ అడగకూడదన్నది వాళ్ల నియమం. ఒకే సమాచారం కోసం రెండో డేటాబేస్ పెట్టకూడదని చట్టమే ఉంది. మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి బిడ్డ పుట్టింది. పిల్లల భత్యం కోసం ఆమె దరఖాస్తే పెట్టలేదు. మీకు ఇంత వస్తుంది, సరేనా అని ప్రభుత్వమే అడిగింది. 2019 నుంచి అలాగే చేస్తున్నారు.

సుబ్బారావు: జనం ఎంతమంది?

మాధవి: 13 లక్షల పైచిలుకు.

సుబ్బారావు: విశాఖపట్నం ఊరంత లేరు. నేల చూస్తే తెలంగాణలో సగం కూడా రాదు. మన వీధిలో పెళ్లికి వంట చేసేవాణ్ణి తీసుకెళ్లి తిరుమలలో అన్నప్రసాదం వండమంటే ఏం చేస్తాడు? వంట అదే, గిన్నె వేరు. నా సర్వీసులో ఒక్క మండలంలోనే రేషన్ కార్డుల్లో పేర్లు సరిచెయ్యడానికి రెండేళ్లు పట్టింది. ఒకే మనిషి ఓటరు జాబితాలో ఒక పేరు, పాసు పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. వాళ్లకా చిక్కు లేదు.

మాధవి: చిన్నది కావడమే కారణమైతే చిన్న దేశాలన్నీ ఇలాగే ఉండాలి. పైగా వాళ్ల పద్ధతి వాళ్ల దగ్గరే ఆగిపోలేదు. ఎక్స్-రోడ్‌ను ఫిన్లాండ్ తీసుకుంది. రెండు దేశాలూ కలిసి 2017లో దానికోసం ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి, తర్వాత ఐస్లాండ్ చేరింది. ఉక్రెయిన్ తన ట్రెంబితా వ్యవస్థను దాని ఆధారంగానే కట్టుకుంది. ఉక్రెయిన్ చిన్న దేశమేం కాదు కదా. ఆ తర్వాత ఉక్రెయిన్‌వాళ్ల ప్రభుత్వ సేవల యాప్ దీయా చూసి ఎస్టోనియావాళ్లే నేర్చుకున్నారు.

ఎక్స్-రోడ్ అనే మాట ఆ సాయంత్రం నాలుగైదు సార్లు వచ్చింది కాబట్టి, మాధవి నాకు చెప్పినట్టే ఇక్కడ చెప్పేస్తాను. ఊళ్లో ఎవరి గాదె వాళ్లింట్లోనే ఉంటుంది. అందరి ధాన్యమూ తెచ్చి ఒకేచోట పొయ్యరు. పన్నుల శాఖ సమాచారం పన్నుల శాఖలో, ఆసుపత్రిది ఆసుపత్రిలో, వాహనాలది వాహనాల రిజిస్టరులో. ఎక్స్-రోడ్ ఆ ఇళ్ల మధ్య వేసిన బాట. బాట మీద వెళ్లే ప్రతి బండికీ సీలు ఉంటుంది, ఎవరు పంపారో, ఎవరికో, ఏ నిమిషానో రాసి ఉంటుంది. ఒక గాదెలో దొంగ పడినా ఊరంతా దోచుకుపోలేడు. 2001లో మొదలుపెట్టారు. డబ్బున్న దేశమైతే పెద్ద భవనం కట్టి అన్నీ అందులో పెట్టేదేమో, వీళ్ల దగ్గర అంత సొమ్ము లేదు.

సుబ్బారావు: 2001 అన్నావు కదా. ఆ ఏడాదే హైదరాబాద్‌లో ఈ-సేవ వచ్చింది. అంతకు ముందే, 1998లో, మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు పెట్టారు. అంటే వాళ్లూ మనమూ ఒకే రోజుల్లో బయల్దేరాం. ఇంకో సంగతి. బీడు నేలలో మొక్క మొలిచినట్టు చెప్పకు. సోవియట్ కాలంలోనే, 1960లో, టాలిన్‌లో సైబర్నెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. టార్టు విశ్వవిద్యాలయం 1632 నాటిది. గణితం వచ్చినవాళ్లు అప్పటికే ఉన్నారు. జెండా మారింది, మనుషులు వాళ్లే.

మాధవి: నిజమే, ఒప్పుకుంటాను. కానీ మనుషులుంటే సరిపోదు కదా. 1991 ఆగస్టులో స్వాతంత్ర్యం తిరిగి వచ్చేనాటికి ఖజానా ఖాళీ. మరుసటి ఏడు ప్రధాని అయిన మార్ట్ లార్ వయసు 32. ఫిన్లాండ్ తమ పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీని ఊరికే ఇస్తామంటే వద్దన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1996 ఫిబ్రవరిలో అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి ‘పులి గెంతు’ అనే కార్యక్రమం ప్రకటించారు. బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్. ఆ ఆలోచన అప్పట్లో అమెరికాలో ఎస్టోనియా రాయబారిగా ఉన్న టూమస్ హెండ్రిక్ ఇల్వెస్‌ది, విద్యామంత్రి యాక్ ఆవిక్సోది. ఇల్వెస్ అమెరికాలో బడిలో చదివేటప్పుడే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాయన. పల్లెటూరి బడి వరకూ వైరు లాగారు. మనం ఈ-సేవతో బిల్లు కట్టే క్యూ తగ్గించాం, మంచిదే. కౌంటరు వెనక మాత్రం శాఖకూ శాఖకూ మధ్య కాగితం మోసే పని జనానికే మిగిలింది. ఇవాళ మా అమ్మ మోస్తున్నది అదే.

సుబ్బారావు గారు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. చాప మీది జిరాక్సుల వంక చూశారు. ఇక్కడ అమ్మాయి మాటే నెగ్గింది.

మాధవి పర్సులోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. మన ఏటీఎం కార్డంత ఉంది. ఒక వైపు ఫొటో, బంగారు రంగు చిప్పు. అక్కడి నివాస అనుమతి కార్డు అది. పౌరులకిచ్చే కార్డుకు లాగే దీనికీ సంతకం చేసే శక్తి ఉంది. రెండు పిన్‌లు. నాలుగంకెలది ‘నేను ఫలానా’ అని చెప్పడానికి. అయిదంకెలది సంతకానికి. ఆ సంతకానికీ సిరా సంతకానికీ చట్టం ముందు తేడా లేదు. 2000లో చట్టం చేశారు, 2002లో కార్డులు మొదలయ్యాయి. మాధవి తన ఇంటి అద్దె ఒప్పందం మీద బస్సులో కూర్చుని సంతకం చేసిందట.

సుబ్బారావు గారు కళ్లజోడు సర్దుకుని కార్డు మీది 11 అంకెలు చదివారు.

సుబ్బారావు: ఇదేంటమ్మా, మొదటి అంకె తర్వాత నీ పుట్టినరోజు బయటికే కనిపిస్తోందే! సంవత్సరం, నెల, తేదీ. ఆధార్ నయం కదా. 12 అంకెలు చూస్తే ఎవరి గురించీ ఏమీ తెలియదు.

మాధవి: మొదటి అంకె ఆడో మగో, ఏ శతాబ్దంలో పుట్టారో కూడా చెబుతుంది. అక్కడ ఆ నంబరు దాచరు పెదనాన్నా. నంబరంటే వాళ్లకు పేరు లాంటిది. పేరు తెలిసినంత మాత్రాన ఎవరూ మన ఇంట్లోకి రాలేరు కదా. తాళంచెవి వేరు, అది చిప్పూ పిన్నూ. మనం పేరునే తాళంచెవి చేసుకున్నాం. అందుకే అమ్మ ఆధార్ జిరాక్సు ఇన్ని చోట్ల ఇవ్వాలంటే నాకు గుబులుగా ఉంది. ఇచ్చిన కాపీ ఏ బీరువాలో పడుతుందో, ఏ షాపు వెనక చెత్తలో తేలుతుందో!

సుబ్బారావు: తాళంచెవే పాడైతే? 2017లో జరిగింది అదే కదా. చెక్ పరిశోధకులు చిప్పులో లోపం కనిపెట్టారు. సుమారు 7,60,000 కార్డులు. దేశ జనాభాలో సగానికి పైన. అంతా ఒక్క కార్డుకే కట్టేస్తే ఇదే గతి. నా బీరువాలో ఒక ఫైలుకు చెద పట్టిందనుకో, పక్క ఫైలు మిగులుతుంది.

మాధవి: జరిగింది. ఎలా జరిగిందో కూడా చెప్పండి మరి. ఆగస్టు చివర్లో సంగతి తెలిసింది. సెప్టెంబర్ 5న ప్రధానే విలేకరుల ముందుకొచ్చి చెప్పారు. అక్టోబర్‌లో స్థానిక ఎన్నికలున్నాయి, దాచిపెట్టడానికి అంతకంటే కారణం ఏం కావాలి? దాచలేదు. నవంబర్‌లో పాత సర్టిఫికెట్లు ఆపేశారు. జనం ఇళ్లలోంచే కొత్తవి వేసుకున్నారు. 2021లో సర్కారు డేటాబేస్‌లోంచి ఒకడు 2,80,000కు పైగా కార్డు ఫొటోలు లాగేశాడు. అదీ చెప్పారు. నేను వాళ్లను నమ్మేది తప్పే జరగదని కాదు. జరిగితే నాకు చెబుతారని.

తర్వాత ఓటు మాట వచ్చింది. 2005లో స్థానిక ఎన్నికల్లో, 2007లో పార్లమెంటు ఎన్నికల్లో ఎస్టోనియా ఇంటర్నెట్ ఓటు పెట్టింది. దేశమంతటి పార్లమెంటు ఎన్నికలో అలా చేసింది ప్రపంచంలో అదే మొదటిది. 2023లో పడిన ఓట్లలో సగానికి పైగా ఇంటర్నెట్ ద్వారానే. పక్కన ఎవరో కూర్చుని బలవంతంగా వేయిస్తే, తర్వాత మళ్లీ వేసుకోవచ్చు, చివరిదే లెక్క. కాగితం ఓటు వేస్తే అదే నిలుస్తుంది.

సుబ్బారావు: నేను పది ఎన్నికలు జరిపాను. ఎన్నిక గెలిచినవాడి కోసం కాదమ్మా, ఓడినవాడి కోసం. ఓడినవాడు సరే ఓడానులే అని ఇంటికి పోవాలి. మన బూత్‌లో వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు అద్దం వెనక కనిపిస్తుంది. నాలుగో తరగతి చదివిన ఏజెంటుకు కూడా అర్థమవుతుంది. నీ ఓటు సర్వర్‌లో ఏమైందో ఏజెంటు ఎలా చూస్తాడు? 2014లో బయటి పరిశోధకులు వచ్చి లోపాలున్నాయి, ఆపండి అన్నారు. ఆపలేదు.

మాధవి: ఫోన్‌తో మన ఓటు సరిగ్గా చేరిందో లేదో చూసుకోవచ్చు, 2013 నుంచి ఉంది.

సుబ్బారావు: నీ ఓటు నువ్వు చూసుకుంటావు. మొత్తం లెక్క ఎవరు చూస్తారు? చదువుకున్న పది మంది చూసి మాకు చెప్పాలి. పది మంది మాట మీద ఎన్నిక నిలబడకూడదు.

మాధవి ఏదో అనబోయి ఆగింది. ఈ విషయంలో నేను పూర్తిగా పెద్దాయన పక్షమే.

ఈలోగా లోపల్నుంచి మాధవి తల్లి కాఫీలు తెచ్చింది. ఆమెను చూసి ఇద్దరూ గొంతు తగ్గించారు. కాసేపు టాలిన్ చలి గురించి, డిసెంబరులో ఆరు గంటలే ఉండే పగటి గురించి మాట్లాడుకున్నాం. ఆమె లోపలికి వెళ్లగానే మళ్లీ మొదలు.

సుబ్బారావు: సరే, ప్రభుత్వం సంగతి వదిలెయ్. ప్రపంచమంతా ఆ దేశం వైపు చూస్తోందంటావు. చూపించేదేమిటి? స్కైప్. పెట్టినవాళ్లలో ఒకడు స్వీడన్‌వాడు, ఒకడు డెన్మార్క్‌వాడు. 2005లో ఈబే 260 కోట్ల డాలర్లకు కొంది, 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్లకు కొంది, 2025 మేలో మూసేసింది. విదేశాలకు డబ్బు పంపే వైజ్ కంపెనీ పుట్టింది లండన్‌లో. ఊళ్లో విత్తనం, పక్కూళ్లో పంట.

మాధవి: స్కైప్ పెట్టినవాళ్లు బయటివాళ్లే. దాన్ని రాసినవాళ్లు? ఆతి హైన్లా, ప్రీత్ కాసెసాలు, యాన్ టాలిన్ ముగ్గురూ ఎస్టోనియావాళ్లే. మీకు గుర్తుందా, నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు అమెరికాలో అన్నయ్యతో మాట్లాడ్డానికి ఆదివారం పొద్దున్నే మీ ఇంటికొచ్చేవాళ్లం. కంప్యూటర్ మీద గుడ్డ తీసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, పెద్దమ్మ తెర దగ్గరికి జరిగి, తిన్నావా నాన్నా అని అరిచేది. ఆ మాట మోసింది టాలిన్‌లో రాసిన ప్రోగ్రామే. కంపెనీ అమ్మితే వచ్చిన డబ్బుతో వాళ్లు ఊరికే కూర్చోలేదు. కొత్త కంపెనీల్లో పెట్టారు. హైన్లా స్టార్‌షిప్ పెట్టి వీధుల్లో సరుకులు మోసే రోబోలు తయారు చేస్తున్నాడు. స్కైప్ మొదటి ఉద్యోగి తావెత్ హిన్రికుస్ వైజ్ పెట్టాడు.

వైజ్ పుట్టిన తీరు నాకు చాలా నచ్చింది, కాస్త వివరంగా చెబుతాను. హిన్రికుస్ ఉండేది లండన్‌లో, జీతం వచ్చేది యూరోల్లో. అతని స్నేహితుడు క్రిస్తో కేర్మన్‌కు జీతం పౌండ్లలో, ఎస్టోనియాలో ఇంటి అప్పు యూరోల్లో. ఇద్దరూ బ్యాంకు ద్వారా మారిస్తే ఇద్దరికీ నష్టం. అందుకని ఒకరి యూరోలు ఒకరికి, ఒకరి పౌండ్లు ఒకరికి. డబ్బు సరిహద్దు దాటనే లేదు. ఇది మన పల్లెల్లో చేబదులు లెక్క. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇంటికి డబ్బు పంపేటప్పుడు అవతల పని చేస్తున్నది ఈ ఆలోచనే. ఇక బోల్ట్ ట్యాక్సీ కంపెనీ పెట్టేనాటికి మార్కుస్ విల్లిగ్‌కు 19 ఏళ్లు. పెట్టుబడి ఇంట్లోవాళ్ల దగ్గర తెచ్చుకున్న 5,000 యూరోలు.

సుబ్బారావు: ఈ-రెసిడెన్సీ మాటేమిటి? ప్రపంచంలో ఎక్కడున్నా కార్డిచ్చి కంపెనీ పెట్టుకోమంటారు. మొహం చూడకుండా తలుపు తియ్యడమే కదా? డాన్స్కే బ్యాంకు టాలిన్ శాఖ సంగతి చదివాను. దాదాపు 20,000 కోట్ల యూరోలు ఆ శాఖ గుండా పోయాయి, చాలామటుకు అనుమానం సొమ్ము.

మాధవి: తేదీలు చూడండి. ఆ సొమ్ము వెళ్లింది 2007 నుంచి 2015 వరకు. ఈ-రెసిడెన్సీ మొదలైంది 2014 డిసెంబరులో. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ బ్యాంకులో జరిగింది బ్యాంకు మనుషులే తెరిచిన ఖాతాలతో. ఈ-రెసిడెన్సీకి వేలిముద్రలివ్వాలి, పోలీసు విచారణ ఉంటుంది. దానితో వీసా రాదు, అక్కడ ఉండే హక్కూ రాదు. కంపెనీ పెట్టి, ఎక్కణ్ణించైనా సంతకం చేసి నడుపుకోవచ్చు, అంతే. లక్ష మంది దాటారు. లాభం కంపెనీలోనే ఉంచితే పన్ను లేదు, పంచుకున్నప్పుడే. 2000 నుంచి అదే చట్టం.

సుబ్బారావు: పోనీ, అక్కడే ఉండి పని చెయ్యాలనుకునేవాడి సంగతి? ఐరోపా సమాఖ్య బయటి నుంచి ఏటా వలస వచ్చేవాళ్లకు జనాభాలో 0.1 శాతం అని గీత గీశారు. అంటే సుమారు 1,300 మంది. ఐటీ వాళ్లను ఆ గీత బయట పెట్టారు. నీలాంటిదానికి తలుపు బార్లా తెరిచి, వెల్డింగ్ చేసేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టారు. ఆ దేశంలోనే దాదాపు అయిదో వంతు రష్యన్లు. తూర్పున నార్వా వైపు చమురు రాయి గనుల్లో, కరెంటు ఫ్యాక్టరీల్లో పని తగ్గిపోతుంటే, ఈ వెలుగంతా టాలిన్‌లో, టార్టులో.

మాధవి: దానికి నా దగ్గర జవాబు లేదు పెదనాన్నా. యోఖ్వి అనే ఊళ్లో 2021లో కోడింగ్ బడి పెట్టారు, తూర్పు వాళ్లకు దగ్గరవుతుందని. అది చాలదని నాకూ తెలుసు. నేను పనిచేసే యూలెమిస్తె సిటీ అనే ఐటీ పార్కు ఒకప్పుడు ద్విగాతెల్ అనే సోవియట్ ఫ్యాక్టరీ. బయటివాళ్లను గేటు దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదట. ఆ ఫ్యాక్టరీతో పాటు పని పోయిన రష్యన్ కార్మికుల పిల్లలు అందరూ ఇప్పుడు ఆ గేటు దాటి లోపలికి వస్తున్నారని నేను చెప్పలేను.

ఆ జవాబు చెప్పినందుకు మాధవి మీద నాకు గౌరవం పెరిగింది. అభిమానించే చోటి లోపం ఒప్పుకోవడం సులువు కాదు. ఆ వెంటనే ఆమె భాష మాట ఎత్తింది. అది మాత్రం నన్ను నిలవనీయలేదు. ఎస్టోనియన్ మాట్లాడేవాళ్లు సుమారు 11 లక్షలు. భాషను, సంస్కృతిని తరతరాలు కాపాడుకోవాలని వాళ్ల రాజ్యాంగం పీఠికలోనే రాసుకున్నారు. పన్ను, ఆసుపత్రి, భూమి, ఓటు, అన్నీ ఆ భాషలో నడుస్తాయి. తెలుగు మాతృభాషగా 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది. వాళ్లలో ఒకరైన మాధవి తల్లి, ముందు రోజు తను చదవలేని ఇంగ్లీషు ఫారం మీద మూడు చోట్ల సంతకం పెట్టి వచ్చింది. మన లెక్క కోట్లలో ఉంది కాబట్టి భాష దానంతటదే బతుకుతుందని మనం అనుకుంటున్నాం. 11 లక్షల మంది అలా అనుకుని ఉంటే వాళ్ల భాష ఈపాటికి కంప్యూటర్ బయట ఉండేది.

చీకటి పడింది. వాదన ముగిసిందనుకున్నాను. అప్పుడు సుబ్బారావు గారు తన శాఖ ప్రశ్న అడిగారు.

సుబ్బారావు: వాళ్ల అడంగల్ ఎక్కడుంటుంది?

మాధవి: భూమి రిజిస్టరు ఎలక్ట్రానిక్‌గానే ఉంటుంది. హక్కుకు అదే ఆధారం. దాని నకలు లక్సెంబర్గ్‌లో కూడా ఉంది.

సుబ్బారావు: పరాయి దేశంలోనా?

మాధవి: 2017లో ఒప్పందం చేసుకున్నారు. అక్కడి గదికి ఎంబసీకి ఉన్నంత రక్షణ. 1940లో సోవియట్ సైన్యం వచ్చి భూములు జాతీయం చేసింది. 1991 తర్వాత ఎవరి పొలం వాళ్లకు తిరిగి ఇవ్వాలంటే యుద్ధానికి ముందరి పాత దస్తావేజులే దిక్కయ్యాయి. 2007లో, ఒక సోవియట్ సైనికుడి విగ్రహం జరిపినందుకు గొడవలై, పార్లమెంటు, బ్యాంకులు, పత్రికల సైట్ల మీద వారాల తరబడి దాడి జరిగింది. ఆ మరుసటి ఏడే నాటో సైబర్ రక్షణ కేంద్రం టాలిన్‌కు వచ్చింది. రేపు మళ్లీ ఎవరైనా వచ్చి నేల ఆక్రమించినా, ఏ చెక్క ఎవరిదో రాసిన పుస్తకం మిగలాలని వాళ్ల పంతం.

సుబ్బారావు గారు చాలాసేపు మాట్లాడలేదు. 1996 తుపానులో తడిసిన రికార్డుల్ని కోనసీమ ఎండలో ఒక్కొక్క పేజీ ఆరబెట్టిన మనిషి ఆయన.

సుబ్బారావు: ఇక్కడ 2022లో భూ హక్కుల చట్టం చేశారు. జనం భయపడ్డారు. 2024లో రద్దు చేశారు. రికార్డు కంప్యూటర్‌లో ఉందంటే, రాత్రికి రాత్రి ఎవడో మార్చేస్తాడని మన రైతు భయం. ఆ భయం తప్పని నేను అనలేను.

మాధవి: అక్కడ ఆ భయానికి మందు ఉంది. ప్రభుత్వ పోర్టల్‌లో నా పేరుతో లోపలికి వెళ్తే, నా వివరాలు ఏ శాఖ, ఎప్పుడు తెరిచిందో వరసగా కనిపిస్తుంది. ఒకసారి నాకు తెలియని ఒక ఎంట్రీ కనిపిస్తే అడిగాను. నా చిరునామా మార్పు సరిచూశామని రాశారు. అడిగితే చెప్పి తీరాలి. ఊరికే కుతూహలం కొద్దీ తెలిసినవాళ్ల వివరాలు తెరిచి చూసిన పోలీసులకు, వైద్య సిబ్బందికి శిక్షలు పడ్డాయి. ఆసుపత్రి రికార్డు ఏ డాక్టరు చూశారో కూడా కనిపిస్తుంది. నన్ను అక్కడ నిలబెట్టింది జీతం కాదు పెదనాన్నా, మంచు అసలే కాదు. ప్రభుత్వం నన్ను చూస్తుంది. నేనూ ప్రభుత్వాన్ని చూస్తాను.

సుబ్బారావు: మా లాగిన్‌లోనూ ఎవరు ఏ మార్పు చేశారో నమోదయ్యేదమ్మా. మాకు కనిపించేది. నా సర్వీసులో ఏ రైతుకూ అది చూపించలేదు. ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. 13 లక్షల మందికి చూపించగలిగినప్పుడు 5 కోట్ల మందికి చూపించడానికి జనాభా అడ్డు రాదు. ఈ ఒక్కదానికీ నేను చిన్న దేశం అని తప్పించుకోలేను.

ఆయన నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. మాధవి కూడా అనుకోలేదు. ఆమె ఆయన ఫోన్ తీసుకుని మైఆధార్ అధికారిక సైట్ తెరిచింది. ఆధార్ నంబరు, ఓటీపీ. అందులో ఆథెంటికేషన్ హిస్టరీ అని ఒకటుంది. మన ఆధార్‌తో ఎవరు ధ్రువీకరణ చేశారో, ఏ తేదీన, ఎన్ని గంటలకు, వేలిముద్రతోనా ఓటీపీతోనా, గత ఆరు నెలల్లోవి 50 వరకు చూపిస్తుంది. సుబ్బారావు గారు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివారు. రేషన్, పింఛను, బ్యాంకు. ఒకటి గుర్తు రాలేదు. లోపలికి వెళ్లి డైరీ తెచ్చి తేదీ, సమయం రాసుకున్నారు, పొద్దున్నే బ్యాంకుకెళ్లి అడుగుతానని. తర్వాత మరదల్ని పిలిచి ఆమెదీ చూపించమన్నారు.

ఈ సదుపాయం ఉచితం. ఆధార్‌కు ఫోన్ నంబరు జతై ఉంటే చాలు. ఇవాళే మీది చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లది వాళ్ల పక్కన కూర్చుని చూపించండి. అందులో కనిపించేది ధ్రువీకరణ మాత్రమే. మీ అడంగల్‌ను, పింఛను ఫైలును, ఆసుపత్రి కాగితాన్ని ఏ లాగిన్ నుంచి ఎవరు తెరిచారో కూడా అలాగే మీ కంటికి కనిపించాలని మీ శాసనసభ్యుణ్ణి అడగండి.